కుడిపక్క ఎవరు కడతారు?

"అత్తయ్యా, టీ చల్లారిపోతోందని మీ అబ్బాయికి చెప్పండి."

ఆ అబ్బాయి ఆమెకు బెత్తెడు దూరంలోనే కూర్చుని ఉన్నాడు. చెవులు కూడా బాగానే పనిచేస్తున్నాయి. అయినా ఆ మాట పొయ్యి దగ్గర బయల్దేరి, కిటికీ పక్కన బీన్స్ ఈనెలు తీస్తున్న ముసలావిడ మీదుగా చుట్టు తిరిగి అతని దగ్గరికి చేరాలి.

"టీ చల్లారిపోతోందిట్రా," అంది ముసలావిడ.

"విన్నానని చెప్పమ్మా."

"విన్నాట్టే అమ్మాయ్."

"వినడానికేం, బాగానే వింటారు. చెప్పడం దగ్గరే కదా చిక్కంతా."

ఈ మాటని ముసలావిడ చేరవెయ్యలేదు. మధ్యవర్తికి కూడా కొంచెం విశ్రాంతి కావాలి.

కంపెనీ నుంచి ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే వరస. వాళ్ళ లారీని తమ కంపెనీలో పెట్టుకోవడానికి ఒప్పుకున్నామనీ, యార్డులో సరుకు కట్టి చూపిస్తే ఇక సంతకాలేననీ చెప్పిన గుమాస్తా, పెట్టేసేముందు మరో మాట అన్నాడు. క్యాబిన్‌లో డ్రైవరు తప్ప ఇంకో మనిషి ఉండకూడదట. ఆ సంగతి మీ ఆయనకి మొదట్లోనే చెప్పాం కదమ్మా అని కూడా అన్నాడు. ఫోన్ ఎత్తింది ఆవిడే మరి.

బండి మనదే ఉంటుంది, తలుపు మీద పేరు మాత్రం వాళ్ళది, సరుకు వాళ్ళే ఇస్తారు, ఇక బ్రోకర్ల గుమ్మాల దగ్గర పడిగాపులుండవు అని అతను భార్యకు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఈ ఒక్కటే మింగేశాడు.

మింగదగ్గ సంగతి కాదది. పెళ్ళయిన కొత్తలో సరదాగా ఒకసారి మొగుడితో లారీ ఎక్కిన మనిషి, ఆ తర్వాత దిగలేదనే చెప్పాలి. వాళ్ళది గోడల్లేని లారీ. క్యాబిన్ వెనకాల ఉన్నదంతా ఒక పొడవాటి బల్ల. ఇనుప గొట్టాలో, కలపో, యంత్రాలో దాని మీద పేర్చి బెల్టులతో బిగించాలి. తడవకూడని సరుకైతే పైన పట్టా కప్పి, రెండు పక్కలా తాళ్ళతో కట్టాలి. బెల్టుల పని అతనిది. పట్టా మాత్రం ఇద్దరిదీ. ఎడంపక్క అతను, కుడిపక్క ఆమె. తన పక్క అయిపోగానే అతను బల్ల మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తాడు. తనదీ అయ్యాక ఆమె రెండు వేస్తుంది. అప్పుడు బండి కదులుతుంది. సరుకెక్కించే చోటల్లా ఆమెను కుడిపక్కావిడ అంటారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వం.

అలాంటి మనిషి నిన్న క్యాబిన్‌లోని తన తలగడ, దుప్పటి, అద్దం, జడపిన్నుల డబ్బా అన్నీ మూటగట్టి ఇంట్లోకి తెచ్చేసుకుంది. క్యాబిన్ ఊడ్చి తుడిచి మరీ దిగింది. కోపంలో కూడా శుభ్రం మరిచిపోని మనిషితో దెబ్బలాడటం మహా కష్టం.

అతను టీ గ్లాసు కింద పెట్టి, ఈసారి తల్లి మీదుగా కాకుండా నేరుగానే అన్నాడు.

"నీ నడుం కోసమే ఆలోచించాను."

"నా నడుం మీతో ఏమైనా మొరపెట్టుకుందా?"

"పెట్టుకోలేదు. వానల్లో బల్ల మీంచి జారినప్పట్నుంచీ ఎక్కేటప్పుడు చెయ్యేసి పట్టుకుంటున్నావు. నేను చూడట్లేదనుకుంటున్నావు."

ఆమె గిన్నె కడగడం ఆపింది. ఇతను ఇంత చూశాడని ఆమెకు తెలియదు. ఒక్క క్షణం మనసు కరిగింది కూడా. కానీ కరిగినంత సేపు పట్టలేదు, మళ్ళీ గట్టిపడటానికి.

"చూసినవాళ్ళు అడగొచ్చుగా. అడక్కుండా ఇంట్లో కూర్చోబెట్టేస్తారా?"

అతను తాళాలు తీసుకుని లేచాడు. పరీక్షకి వేళవుతోంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె అటు తిరిగి తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది. వెళ్ళొస్తానని తల్లితో చెప్పాడు. ఇదివరకెప్పుడూ భార్యతో ఆ మాట చెప్పే అవసరం రాలేదు, చెప్పాల్సిన మనిషి పక్క సీట్లోనే ఉండేది.

*

కంపెనీ యార్డు చాలా పెద్దది. ఒకే రంగు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. యార్డు పెద్దాయన కళ్ళజోడుని దారంతో మెళ్ళో వేలాడేసుకుని, మర్యాదగానే పలకరించాడు. కలప పలకలు పేర్చి ఉన్నాయి. బెల్టులు బిగించి, పట్టా కప్పి, యార్డు చుట్టూ ఒకసారి తిప్పి తీసుకురమ్మన్నాడు. అంతకంటే సులువైన పరీక్ష ఏ డ్రైవరూ కోరుకోడు.

బెల్టులు చూసి పెద్దాయన ముచ్చటపడ్డాడు. ఒక్కొక్కదాన్నీ వేలితో మీటి చూసి తలాడించాడు. తర్వాత అతను పట్టా పరిచాడు. ఎడంపక్క తాళ్ళన్నీ బల్ల కింది కొక్కేలకు లాగి, ముడి మీద ముడి వేసి కట్టాడు. పని నీటుగా కుదిరింది. బల్ల మీద రెండు దెబ్బలు వేశాడు. చేతులు తుడుచుకున్నాడు. క్యాబిన్ ఎక్కాడు. బండి కదిలించాడు.

యార్డు పెద్దాయన ఆ సమయానికి కుడిపక్కన నిలబడి ఉన్నాడు. అక్కడ ఒక్క తాడు కూడా కట్టి లేదు. బండి మలుపు తిరిగేసరికి గాలికి పట్టా లేచి, ఆయన నెత్తి మీదుగా నిలువునా కప్పేసింది. చుట్టూ ఉన్న డ్రైవర్లు పరిగెత్తుకొచ్చారు. పట్టా లోపల్నుంచి ఆయన కేకలు వినిపిస్తున్నాయి కానీ ఏ మూల నుంచి ఊడదియ్యాలో వాళ్ళకి అర్థం కాలేదు.

బయటపడ్డాక ఆయన కళ్ళజోడు సరిచేసుకుని అడిగింది ఒక్కటే ప్రశ్న.

"కుడిపక్క ఎవరు కడతారు?"

 మా ఆవిడ అని ఎలా చెబుతాడు? ఆవిడ బండిలో ఉండకూడదనే కదా వీళ్ళ షరతు. మరిచిపోయానండీ అన్నాడు. ఇన్నేళ్ళ సర్వీసున్న డ్రైవరు సగం బండి మరిచిపోవడమేమిటని పెద్దాయన నోరెళ్ళబెట్టాడు. బెల్టుల పుణ్యమా అని రేపు ఇంకొక్కసారి రమ్మన్నాడు. రేపూ ఇలాగే అయితే ఆ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు.

*

ఇంటికొచ్చి తల్లితో ఒక్కటి కూడా దాచకుండా చెప్పాడు. ఒకసారి దాచి ఇంత దూరం వచ్చింది చాలు.

ముసలావిడ మొదట జాలిపడింది. పట్టా పెద్దాయన మీద పడిన చోటికి వచ్చేసరికి ఆపుకోలేకపోయింది. బీన్స్ పళ్ళెం పక్కన పెట్టి, చెంగు నోట్లో కుక్కుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. పోన్లేరా, ఆయనకి ఎండ తగలకుండా కాపాడావు అంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నవ్వట్లేదు.

"రెండు దెబ్బలు వేశారా?"

"వేశాను."

"తిరిగి దెబ్బలు వినిపించకుండానే కదిలించేశారా?"

అతను నేలకేసి చూశాడు. "వినిపించాయే," అన్నాడు మెల్లిగా. "నిజంగా వినిపించినట్టే అనిపించింది."

ముసలావిడ నవ్వు ఆగిపోయింది. పళ్ళెం తీసుకుని, ఈ ఎండ నా కంట్లో పడుతోంది అంటూ లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆ కిటికీ దగ్గర ఎండ ఎప్పుడో తిరిగిపోయింది.

భార్యాభర్తలిద్దరే మిగిలారు. ఆమెకి ఇతన్ని కోప్పడాలని ఉంది, అంతకంటే ఎక్కువగా తల నిమరాలని ఉంది. రెండూ చెయ్యకుండా పైట నడుముకి దోపుకుంది.

"పదండి బయటికి. కుడిపక్క నేర్పిస్తాను."

"వద్దులే. పోతే పోయింది ఆ కంపెనీ."

"పోనివ్వడానికి వీల్లేదు. నా మొగుడికి సగం బండే కట్టడం వచ్చని ఆ యార్డులో నవ్వుకుంటే నేను ఊరుకోను."

ఇంటి ముందు ఖాళీ బల్లతో లారీ నిలబడి ఉంది. ఇద్దరూ కలిసి వెనకింటి గోడ పక్కన పడున్న పాత పలకలూ డ్రమ్ములూ తెచ్చి దాని మీద పేర్చారు. పట్టా కప్పారు. ఆమె నడుముకి చెయ్యేసుకుని రోడ్డు మీద నిలబడింది. అతను ముందు ఎడంపక్క కట్టి, చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చాడు.

ముడులు వేయడం అతనికి కొత్త కాదు. అయినా ఆ పక్కకి వచ్చేసరికి చేతులు తడబడ్డాయి. అద్దంలో చూసుకుంటూ బొత్తాం పెట్టుకుంటున్నట్టుంది. ముందు మూల దగ్గర పట్టా మడత తిరగేసి వేశాడు.

అలా వేస్తే గాలంతా లోపలికే కదా అంది ఆమె. ముందు భాగాన్ని మొదట పక్కకి తిప్పాలి, పక్కభాగాన్ని దాని మీదుగా తేవాలి, పసిబిడ్డకి దుప్పటి చుట్టినట్టు అని చేత్తో గాల్లో గీసి చూపించింది. ముట్టుకుని చెయ్యదు. రేపు అక్కడ నేనుండను కదా అంది. అతను మడత విప్పి మళ్ళీ వేశాడు.

"ఈ మడత నువ్వు ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు అతను.

"ఎక్కడా లేదు. ఒకసారి దార్లో పట్టా లేచిపోయి, మీరు వానలో తడుస్తూ మళ్ళీ కట్టారు. తర్వాత జ్వరం వచ్చింది. అప్పుడు ఆలోచించి కనిపెట్టాను."

అతనికి ఆ జ్వరం గుర్తుంది. ఆ తర్వాత పట్టా ఎప్పుడూ లేవలేదనేది మాత్రం ఇప్పుడే గుర్తుకొచ్చింది. తాడు లాగి బిగించాడు.

రోడ్డున పోయే పాలాయన సైకిలాపి, ఏమిటమ్మా, ఆయన్ని పన్లో పెట్టుకున్నారా అని అడిగాడు. కొత్త మనిషి, చెయ్యి ఇంకా తిరగలేదు అంది ఆమె. మూడు రోజుల తర్వాత ఆ ముఖంలో నవ్వు కనిపించేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. కావాలనే ఇంకో ముడి తప్పు వేశాడు. ఆమె కనిపెట్టేసి మళ్ళీ ముఖం ముడుచుకుంది.

పొద్దు వాలేసరికి అతనికి పని వచ్చేసింది. మడత నున్నగా కూర్చుంది. తాళ్ళు సమానంగా దిగాయి. ఆమె చుట్టూ తిరిగి వంక పెట్టడానికి వెతికింది. ఏమీ దొరకలేదు. బాగుంది అని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ నడకలో ఆనందం లేదని వెనక నుంచి చూసినా తెలుస్తోంది. ఎవరికైనా తన పని నేర్పేశాక చేతులు ఖాళీ అవుతాయి. ఆమెకి ఏడుపొచ్చింది, అత్తగారు చూడకుండా ఏడ్చింది.

అత్తగారు చూసింది.

*

మర్నాడు యార్డులో అతను ఎడంపక్క కట్టాడు, చుట్టూ తిరిగి కుడిపక్క కట్టాడు. యార్డు పెద్దాయన ముందుజాగ్రత్తగా దూరంగా నిలబడి చూశాడు. బండి తిరిగొచ్చాక దగ్గరికి వచ్చి ముందు మూల మడతని తడిమాడు. ఇలాంటిది మా వాళ్ళెవరూ వెయ్యరే, ఎక్కడిదిది అన్నాడు.

ఈసారి అతను దాచలేదు. కుడిపక్క ఎవరు కడతారో, నిన్న ఎందుకు మరిచిపోయాడో అంతా చెప్పేశాడు. పెద్దాయన పూర్తిగా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. షరతు తను పెట్టింది కాదనీ, తను తీసెయ్యలేననీ అన్నాడు. తర్వాత ఒక దారి చెప్పాడు. ఊరికే పక్కన కూర్చునే మనిషిని ఒప్పుకోరు గానీ, రెండో డ్రైవరైతే ఒప్పుకుంటారట. ఆవిడ లారీ నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంటే ఇద్దర్నీ ఒకే బండి మీద రాసుకుంటారు.

అతను గాల్లో తేలుతూ సంతకం చేశాడు. ఇంటికి వచ్చే దారిలో లారీ డ్రైవింగు నేర్పే బడి ముందు బండి ఆపి, భార్య పేరు రాయించి, సోమవారం పంపిస్తానని చెప్పి, ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఇంట్లో అడుగుపెడుతూనే అంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. ముసలావిడ చేతులు జోడించి, నా కొడుక్కి కూడా బుర్రుందని ఇవాళ తెలిసింది అంది. మీరిద్దరూ రోడ్లు పట్టి తిరగండి, నా కోసమని ఇంట్లో ఎవరూ కూర్చోనక్కర్లేదని కూడా అంది.

మడతపెట్టిన బట్టలు చేతిలో పట్టుకుని ఆమె అలాగే నిలబడి ఉంది. అతను ఆ ముఖంలో సంతోషం కోసం చూశాడు. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకున్నాడు.

"నాకు స్టీరింగంటే భయం," అంది ఆమె.

"నీకా? అంత ఎత్తున పలకల మీద నడుస్తావు."

"అక్కడ జారితే పడేది నేనొక్కదాన్ని. నేను నడుపుతుంటే మీరు వెనకాల పడుకుని నిద్రపోతుంటారు. ఆ ఊహే నేను భరించలేను." ఆమె బట్టలు మంచం మీద పెట్టింది. "ఇన్నేళ్ళు పక్కనే కూర్చున్నాను. ఒక్కసారైనా ముట్టుకున్నానా?"

"నేనే ముట్టనివ్వలేదనుకున్నాను."

"మీరు ముట్టనివ్వకపోవడమే నాకు హాయిగా ఉండేది."

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి సులువుగా ఉండేది.

"మొన్న నా నడుం చూసి ఇంట్లో ఉంచేద్దామనుకున్నారు. ఇవాళ నన్ను డ్రైవర్ని చేసేశారు. రెండూ నా మీద ప్రేమతోనే, నాకు తెలుసు. అడగడం మాత్రం రెండుసార్లూ మరిచిపోయారు."

అతను తల్లి వైపు చూశాడు. ముసలావిడ కిటికీలోంచి రోడ్డు చూస్తోంది. "నా వైపు చూడకురా. ఇవాళ్టికి నాకు సెలవు," అంది.

అతను లేచి భార్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎలా మొదలుపెట్టాలో అంతకన్నా తెలియలేదు. ఆమెని ఇది తెమ్మని, అది పట్టమని, జాగ్రత్తగా దిగమని అన్నాడు గానీ, ఏదైనా అడిగిన జ్ఞాపకం అతనికి రాలేదు.

"అయితే ఇప్పుడడుగుతున్నాను. నేర్చుకుంటావా? వద్దంటే రేపే వెళ్ళి ఆ పేరు కొట్టేయిస్తాను. కంపెనీ సంతకం కూడా వెనక్కి తీసుకుంటాను. బ్రోకర్ల గుమ్మాల దగ్గరే పడుందాం, ఇద్దరం. నువ్వు ఏదంటే అదే."

 ఆ మాటలు నిజమేనని ఆమెకి తెలుసు. వద్దు అంటే చాలు, రేపు పొద్దున్న కంపెనీ మొదటి సరుకు ఎక్కించడానికి ఇతను వెళ్ళడు. ఇన్నాళ్ళూ కావాలనుకున్న పని చేతిలోకి వచ్చి, ఆమె ఒక్క మాట మీద ఆగి ఉంది.

వాళ్ళ పెళ్ళి కుదిరిన రోజున పెద్దవాళ్ళంతా ముందు గదిలో కూర్చున్నారు. అమ్మాయికి ఇష్టమేనా అని ఎవరో అడిగితే, ఇష్టమేనండీ అని ఇంకెవరో చెప్పేశారు. తలుపు వెనక నిలబడి ఆమె విన్నది. అప్పుడు నోట్లోనే ఉండిపోయిన మాట ఒకటుంది. ఇష్టం లేక కాదు, అనే వీలు దొరక్క.

"ఆలోచించుకుని చెబుతాను," అంది ఆమె, ఇన్నేళ్ళకి.

అతను సరేనని తలూపాడు. ఆమె బయటికి వెళ్ళి లారీ తలుపు తీసుకుని, డ్రైవరు సీట్లో కాకుండా, తన సీట్లోనూ కాకుండా, మెట్టు మీద కూర్చుంది. ఆమె జవాబు వచ్చేదాకా ఆగుదామని అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.